పైలింగు కాంట్రాక్టర్లకు వేరుగా ఒక సమాఖ్య ఉండాలా? తిరుపతి, చిత్తూరు ప్రాంతాల చర్చ

రేణిగుంట రిగ్గు

సభ్యులందరికీ నమస్కారం. మాది పైలింగు పని, అంటే కట్టడాల బరువు మోయడానికి నేలలో లోతుగా తవ్వి కాంక్రీటు స్తంభాలు పోయడం; ఆ స్తంభాలనే పైళ్లు అంటాము. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి చుట్టుపక్కల వంతెనలకూ, అపార్ట్‌మెంట్లకూ, ఫ్యాక్టరీ షెడ్లకూ పైళ్లు వేస్తుంటాము. ఈ వృత్తిలో ఉన్న కొందరికి హైడ్రాలిక్ రిగ్గులు (తవ్వే యంత్రాలు) ఉన్నాయి, మరికొందరికి ఇప్పటికీ ట్రైపాడు (ముక్కాలి స్టాండు), వించి (తాడు చుట్టే యంత్రం), రాయి పగలగొట్టే బరువైన ఉలి లాంటి చిజెలే ఆధారం. యంత్రం ఏదైనా మేమంతా సబ్ కాంట్రాక్టర్లమే. టెండరు వేసేది ఒకరు, భూమి పరీక్ష చేయించేది ఒకరు, డిజైను ఇచ్చేది ఒకరు. నేల కింద ఏముందో దానితో తలపడవలసింది మాత్రం మేము. రిపోర్టులో మొరం అని రాసిన చోట గుండురాయి తగిలితే రిగ్గు ఆగిపోతుంది. రిగ్గు మీద తీసుకున్న అప్పుకు వాయిదా, మనుషుల జీతం, బత్తా మాత్రం ఆగవు. ఆ నష్టం ఎవరు భరించాలన్న మాట అగ్రిమెంటులో ఉండదు.

బిల్డర్లకు సంఘాలు ఉన్నాయి. బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1941 నుంచి పనిచేస్తోంది, ఇళ్లు కట్టి అమ్మే డెవలపర్లకు క్రెడాయ్ ఉంది. వాటి మీద నాకు గౌరవం ఉంది. అయితే వాటిలో ఉన్నవాళ్లలో చాలామంది మాకు పని ఇచ్చేవాళ్లే కాబట్టి వాళ్ల ప్రయోజనమూ మా ప్రయోజనమూ అన్నిచోట్లా ఒకటి కాదు. పునాది పని మాత్రమే చేసేవాళ్లకు విదేశాల్లో వేరే సమాఖ్యలు ఉన్నాయని విన్నాను. అవి నిజంగా ఏం చేస్తాయి? మన దగ్గర అలాంటిది పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పునాది డిజైనరు

రేణిగుంట రిగ్గు గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను తిరుపతిలో స్ట్రక్చరల్ డిజైను చేస్తుంటాను, మీలాంటి వారి పని మీద ఆధారపడి సంతకం పెట్టేవాణ్ణి కాబట్టి ఈ విషయం నాకూ ముఖ్యమే.

యూరప్‌లో ఈఎఫ్‌ఎఫ్‌సీ అనే పునాది కాంట్రాక్టర్ల సమాఖ్య 1989లో ఏర్పడింది. అందులో ప్రధానంగా చేరేది కంపెనీలు నేరుగా కాదు, ఒక్కొక్క దేశంలోని జాతీయ సంఘాలు. బ్రిటన్ నుంచి ఫెడరేషన్ ఆఫ్ పైలింగ్ స్పెషలిస్ట్స్, అంటే ఎఫ్‌పీఎస్, అలా చేరినదే. ఫ్రాన్సులోనూ, స్పెయిన్‌లోనూ, ఇటలీలోనూ ఇలాంటి సంఘాలు ఉన్నాయి. అమెరికాలో రెండు రకాలు కనిపిస్తాయి. 1972లో మొదలైన ఏడీఎస్‌సీ ప్రధానంగా డ్రిల్లింగు కాంట్రాక్టర్ల సంఘం. 1976లో మొదలైన డీప్ ఫౌండేషన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే డీఎఫ్‌ఐలో, కాంట్రాక్టర్లతో పాటు డిజైనర్లు, ఆచార్యులు, యంత్రాలు అమ్మేవాళ్లు, పని చేయించుకునేవాళ్లు కూడా సభ్యులే. డీఎఫ్‌ఐకి మన దేశంలోనూ శాఖ ఉంది, చెన్నై కేంద్రంగా పనిచేస్తోంది. అంటే మనకు దగ్గరే. ఈ రెండు రకాల మధ్య తేడా గమనించాలి. ఒకటి వృత్తిలో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడుతుంది, రెండవది వృత్తికి సంబంధించిన జ్ఞానాన్ని కూడబెడుతుంది.

ఇంత చిన్న వృత్తికి ప్రత్యేక సమాఖ్య ఎందుకన్న దానికి నా సమాధానం ఇది. స్లాబు పోస్తే షట్టరింగు విప్పిన రోజే లోపం కంటికి కనబడుతుంది. పైలు విషయంలో అడుగున బురద మిగిలిందా, గుంత అడుగు దాకా కాంక్రీటును దించే ట్రెమీ పైపు ఆ కాంక్రీటులో నుంచి బయటికి వచ్చి మధ్యలో మట్టి చేరిందా అన్నది కొన్నవాడికి ఎప్పటికీ కనబడదు. ఇంటెగ్రిటీ పరీక్ష (పైలు లోపల పగులు, ఖాళీ ఉన్నాయేమో చూసేది) కొంత చెబుతుంది, లోడు పరీక్ష (పైలు మీద బరువు పెట్టి చూసేది) ఇంకొంత చెబుతుంది. పైళ్లకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2911 నాలుగో భాగం ప్రకారం రొటీన్ లోడు పరీక్ష మొత్తం పైళ్లలో కనీసం అర శాతానికి చేస్తే చాలు, అవసరాన్ని బట్టి రెండు శాతం వరకూ పెంచవచ్చు. మిగతా పైళ్లన్నీ వేసినవాడి నిజాయితీ మీద, నేర్పు మీద నిలబడతాయి. చూడలేని వస్తువును అమ్మే వృత్తిలో, నేను మంచివాడిని అని ఎవరికి వారు చెప్పుకుంటే సరిపోదు. అందరికీ ఒకే కొలత పెట్టి, దాన్ని దాటినవాడిని మాత్రమే లోపలికి రానిచ్చే వ్యవస్థ ఒకటి ఉండాలి. ఎఫ్‌పీఎస్ తన సభ్యులను భద్రత, నాణ్యత, సాంకేతిక సామర్థ్యం విషయాల్లో ఆడిట్ చేస్తుంది. నా దృష్టిలో సమాఖ్యకున్న అసలు విలువ అదే. రేటు గురించి బేరమాడటం ఆ తర్వాతి మాట.

చిత్తూరు బిల్డరు

నేను మెయిన్ కాంట్రాక్టరును. ఇక్కడ నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పడం అవసరం. మన జిల్లాల్లో సంఘం పెట్టగానే జరిగేది ఒకటే, రేటు పెంచడం. డీజిలు ధర పెరిగినప్పుడు బోరు రిగ్గుల యజమానులు కూర్చుని అడుగుకు ఇంత అని ప్రకటిస్తారు, రైతు నోరు మెదపకుండా చెల్లించాలి. పైలింగులోనూ అదే జరిగితే టెండరులో తక్కువ రేటు వేసి పని తెచ్చుకున్న మాలాంటి వాళ్లం ఎక్కడికి పోవాలి? ప్రభుత్వం మాకు ఇచ్చే రేటు మారదు కదా.

పైగా ఇక్కడ పైలింగు చేసే సబ్ కాంట్రాక్టర్లు కొద్దిమంది. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు సంఘం పెట్టుకుని, సభ్యులు కాకపోతే పని ఇవ్వవద్దని మొదలుపెడితే ట్రైపాడు పెట్టుకుని బతికే చిన్నవాడు ముందు పోతాడు.

కోర్టు వీధి

చిత్తూరు బిల్డరు గారి భయం న్యాయమైనదే. దానికి చట్టంలోనే జవాబు ఉంది, అందుకే రాస్తున్నాను. 2002 నాటి పోటీ చట్టంలో 3వ సెక్షను ప్రకారం ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు కలిసి ధర నిర్ణయించడం, టెండర్లను పంచుకోవడం నిషిద్ధం. సంఘం పేరు మీద చేసినంత మాత్రాన అది ఒప్పు కాదు. 2012లో పోటీ కమిషన్ 11 సిమెంటు కంపెనీల మీద మొత్తం 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినప్పుడు సిమెంటు తయారీదారుల సంఘాన్ని కూడా బాధ్యురాలిగా చూపింది. ఆ కేసు ఆ తర్వాత అప్పీళ్లలో సాగింది, అది వేరే కథ. కాబట్టి ఇక్కడ సమాఖ్య పెట్టదలచినవారు మొదటి నియమంగానే, సమావేశాల్లో రేట్ల ప్రస్తావన ఉండకూడదని రాసుకోవాలి. రేటు వేరు, షరతులు వేరు. సబ్ కాంట్రాక్టు అగ్రిమెంటుకు ఒక నమూనా తయారు చేసి, కావలసినవారు వాడుకోండి అని సభ్యులకు ఇవ్వడంలో తప్పు లేదు. మీటరుకు ఎంత అన్న గడి మాత్రం ఖాళీగా ఉండాలి.

బాకీల విషయం కూడా చెప్పాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం కింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి, ఇలాంటి బాకీల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. అయితే సరుకూ పనీ కలిసి ఉండే వర్క్స్ కాంట్రాక్టుకు ఈ చట్టం వర్తించదని బొంబాయి హైకోర్టు వంటివి తీర్పులు ఇచ్చాయి, దాని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఒంటరి సబ్ కాంట్రాక్టరు ఇలాంటి ప్రశ్నను చివరిదాకా కోర్టులో నడపలేడు, నడిపితే మరుసటి పని రాదు. తన పేరు బయటపడకుండా తన సమస్యను ప్రభుత్వం ముందు పెట్టగల సంస్థ ఒకటి ఉండటం అందుకే అవసరమని నా అభిప్రాయం.

విశ్రాంత ఈఈ

నా ఉద్యోగం అంతా ప్రభుత్వ వంతెనల పనుల్లో గడిచింది. డిజైనరు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఈ నేల గురించి కొంత చెప్పాలి. దీని గురించి మాట్లాడకుండా సమాఖ్య గురించి మాట్లాడితే అది గాలిలో మాట అవుతుంది.

మన ప్రాంతంలో నేల మైలు మైలుకూ మారుతుంది. తిరుమల కొండల్లో పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైటు కూర్చుని ఉంది, ఘాట్ రోడ్డులో ఆ రెండూ కలిసే చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. కొండ దిగి వస్తే స్వర్ణముఖి ఇసుక. చిత్తూరు, పలమనేరు వైపు వెళితే గ్రానైటు, నైసు. అవి పై నుంచి కిందికి ఒకే తీరుగా పుచ్చిపోవు. మెత్తని మొరం మధ్యలో ఇంటి గదంత గట్టి గుండ్లు మిగిలిపోతాయి. సూళ్లూరుపేట, తడ చేరితే పులికాట్ ఒడ్డున మెత్తని బంకమన్ను. పక్కపక్కనున్న ఈ రెండు జిల్లాల్లోనే ఇన్ని రకాలు.

ఇలాంటి చోట పొడవాటి వంతెనకు పొదుపు పేరుతో రెండు మూడు పరీక్ష బోర్లు వేసి, మధ్యలో గీత గీసి, ఇదే రాతి మట్టమని చూపిస్తే ఏమవుతుంది? బోరు గుండు మీద ఆగి ఉండవచ్చు, దాన్నే తల్లిరాయి అనుకుని రిపోర్టు రాసి ఉండవచ్చు. గుండును దాటి తగినంత లోతు కోరు (కడ్డీలాంటి రాతి నమూనా) తీసి, కోరు రికవరీ (తవ్విన పొడవులో ఎంత నమూనా చేతికి వచ్చిందన్నది), ఆర్‌క్యూడీ (ఆ పొడవులో విరగని పెద్ద ముక్కల వాటా) చూస్తేనే తేలుతుంది. భూమి పరీక్షలకు ఐఎస్ 1892 ఉంది, రాతి మీద నిలిచే పైళ్లకు ఐఎస్ 14593 ఉంది. లోటు పుస్తకాల్లో లేదు. పరీక్షకు డబ్బు పెట్టేవాడికి గుండు తగిలితే వచ్చే నష్టం లేదు, నష్టపోయేవాడికి పరీక్ష ఎంత చేయాలో చెప్పే హక్కు లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని ఏ ఒక్క కాంట్రాక్టరూ పూడ్చలేడు. టెండరు పిలవడానికి ముందే శాఖల ముందుకు వెళ్లి, ప్రతి పియరు (వంతెన స్తంభం) దగ్గర కనీసం ఒక బోరు వేయించండి, కోరు పెట్టెలను టెండరు వేసేవాళ్లకు చూపించండి అని అడిగే గొంతు ఉండాలి. నేను పదవిలో ఉన్నప్పుడు అలా అడిగే సంస్థ ఏదీ మా ఆఫీసుకు రాలేదు. వచ్చి ఉంటే మా చేతికీ బలం వచ్చేది, ఎందుకంటే ఎస్టిమేటులో బోర్ల సంఖ్య పెంచినప్పుడు పైనుంచి వచ్చే మొదటి ప్రశ్న, ఇన్ని ఎందుకు అన్నదే.

చిత్తూరు బిల్డరు

ఈఈ గారూ, బోర్ల విషయంలో మీ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. గుండు తగిలితే నష్టం సబ్ కాంట్రాక్టరుదే అని మేము రాయించుకుంటున్నాము, ఎందుకంటే మాకు పైనుంచి వచ్చే ఈపీసీ (డిజైను, సరుకు, నిర్మాణం అన్నీ ఒకరికే అప్పగించే) కాంట్రాక్టులో నేల రిస్కు అంతా మా మీదే ఉంటుంది. ఆ షరతు పైనుంచే మారితే నేను కింద మార్చడానికి సిద్ధం.

రేణిగుంట రిగ్గు

బిల్డరు గారు అంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. డిజైనరు గారిని ఇంకొకటి అడగాలి. రిగ్గు నిలబెట్టే నేల గురించి ఆ సమాఖ్యలు ఏమైనా చేశాయా? మా దగ్గర చెరువు ఆయకట్టు భూములు లేఅవుట్లుగా మారుతున్నాయి. వాన పడిన మరునాడు అక్కడికి 60 టన్నుల రిగ్గును దించమంటారు. నేల కుంగితే మాస్టు (రిగ్గు నిలువు స్తంభం) ఒరుగుతుంది. రిగ్గు నడిపేవాడి ప్రాణం అందులో ఉంది.

పునాది డిజైనరు

ఇది సమాఖ్యలు చేసిన పనుల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించే పని. బ్రిటన్‌లో రిగ్గులు ఒరిగిపోయే ప్రమాదాలకు మూలం యంత్రంలో కంటే దాని కింద ఉన్న నేలలోనే ఎక్కువ ఉందని గుర్తించి, ఎఫ్‌పీఎస్ చొరవ తీసుకుంది. ఫలితంగా 2004లో అక్కడి భవన పరిశోధన సంస్థ బీఆర్‌ఈ, గొలుసు చక్రాల యంత్రాలకు వర్కింగు ప్లాట్‌ఫారం (యంత్రం నిలబడే గట్టి చదును) ఎలా డిజైను చేయాలో చెప్పే బీఆర్ 470 అనే మార్గదర్శిని ప్రచురించింది. దానికి తోడుగా ఎఫ్‌పీఎస్ ఒక సర్టిఫికెటు తెచ్చింది. ప్లాట్‌ఫారం ఈ రిగ్గు బరువుకు తగినట్టు డిజైను చేశాము, అలాగే వేశాము, పని ముగిసేదాకా కాపాడతాము అని మెయిన్ కాంట్రాక్టరు సంతకం చేయాలి. ఆ కాగితం చేతికి రాకుండా సభ్యులెవరూ రిగ్గును సైటులోకి దించరు.

ఒక సబ్ కాంట్రాక్టరు ఒంటరిగా ఆ కాగితం అడిగితే, వద్దు, ఇంకొకరిని పిలుస్తాము అంటారు. అందరూ ఒకే కాగితం అడిగితే అది ఆ వృత్తిలో మామూలు పద్ధతి అయిపోతుంది. దీనికి రేటుతో సంబంధం లేదు, పోటీ చట్టంతో తగాదా లేదు, ప్రభుత్వం కొత్త చట్టం చేసేదాకా ఆగవలసిన అవసరమూ లేదు.

కోర్టు వీధి

చట్టం వైపు నుంచి చిన్న సవరణ. కాగితం లేకపోతే పని మానుకోవాలని సభ్యులను కట్టడి చేసేటప్పుడు కారణం భద్రతే అని, అర్హత అందరికీ ఒకటే అని నియమావళిలో స్పష్టంగా రాయాలి. భద్రత పేరుతో బయటివాళ్లను తొక్కే ఉద్దేశం కనబడితే అది కూడా ప్రశ్నకు గురవుతుంది.

ఏర్పేడు ఎంటెక్

నేను జియోటెక్నికల్ విద్యార్థిని. జ్ఞానం కూడబెట్టడం గురించి డిజైనరు గారు ఒక్క వాక్యంలో ముగించారు, దానికి ఒక ఉదాహరణ చేర్చడానికి అనుమతించండి.

ట్రెమీ కాంక్రీటు సమస్య అన్ని దేశాల్లోనూ ఉంది. మిశ్రమాలు మారాయి, కాంక్రీటులో కలిపే కొత్త రసాయనాలు, అంటే అడ్‌మిక్చర్లు, వచ్చాయి, కడ్డీలు దట్టమయ్యాయి. పాత పద్ధతిలో స్లంపు (తడి కాంక్రీటు ఎంత కుంగుతుందన్న కొలత) ఒక్కటే చూసి కాంక్రీటును ఒప్పుకుంటే లోపల కవరు (కడ్డీల బయటి కాంక్రీటు పొర) దగ్గర లోపాలు మిగిలిపోతున్నాయి. ఈఎఫ్‌ఎఫ్‌సీ, డీఎఫ్‌ఐ కలిసి దీని మీద ఉమ్మడి బృందాన్ని వేసి, 2016లో ట్రెమీ కాంక్రీటు మార్గదర్శినిని, 2018లో దాని రెండవ కూర్పును వెలువరించాయి. కాంక్రీటు ఎంత జారుతుంది అన్నదానితో పాటు ఎంతసేపు అలా జారుతూ ఉంటుంది, నీరు విడిచిపెడుతుందా అన్నవి కూడా చూడాలని అది చెబుతుంది. 2019లో, గుంత గోడ కూలకుండా నింపే బెంటొనైటు (ఒక రకం బంకమన్ను), పాలిమరు వంటి సపోర్టు ద్రవాల మీద కూడా ఇలాగే ఒక మార్గదర్శిని వచ్చింది. పునాది పనుల కర్బన ఉద్గారాలు లెక్కగట్టే పరికరాన్ని ఆ రెండు సంస్థలే కలిసి 2013లో తెచ్చాయి. పోటీ కంపెనీలు తమ సైట్లలో నేర్చుకున్నది ఒకచోట పెట్టకపోతే ఇవేవీ సాధ్యమయ్యేవి కావు.

మన ఐఎస్ 2911లో ట్రెమీతో పోసే కాంక్రీటుకు స్లంపు 150 నుంచి 180 మిల్లీమీటర్లు ఉండాలని, సిమెంటు ఘనపు మీటరుకు 400 కిలోలకు తగ్గకూడదని ఉంది. నియమం ఉంది. మే నెల మధ్యాహ్నం ప్లాంటు నుంచి సైటుకు వచ్చేలోపు మన ఎండలో ఆ స్లంపు ఎంత పడిపోతుంది, ఏ సిమెంటుకు ఏ అడ్‌మిక్చరు పొసగుతుంది అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. పైళ్లు వేసే మీలాంటి వారి చేతి అనుభవంలోనే అది ఉంది, మీతోనే పోతోంది. సమాఖ్య ఉంటే కాలేజీల ల్యాబులు ఆ సమాచారం మీద పని చేయగలవు. మాకు సైటు దొరకదు, మీకు ల్యాబు దొరకదు.

డ్రిల్లు మాస్టరు

అయ్యా, నేను రిగ్గు ఆపరేటరును. మొదట బోరు బండి మీద, తిరుచెంగోడు రిగ్గుల్లో పని నేర్చుకున్నాను, తర్వాత పైలింగుకు వచ్చాను. ఇంతమంది పెద్దలు మాట్లాడుతున్నారు కాబట్టి ఆపరేటరు గురించి కూడా ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. బోరు బండి నడిపినవాడు రాతిలోకి సుత్తి కొట్టడంలో ఆరితేరి ఉంటాడు, కానీ ఇసుకలో గుంత గోడ కూలకుండా బెంటొనైటు మట్టం ఎంత పెట్టాలో అతనికి ఎవరూ చెప్పరు. బకెట్టును వేగంగా పైకి లాగితే కింద పీల్పు పుట్టి గోడ జారుతుందని నేను పని మీదే తెలుసుకున్నాను. ఇప్పుడు మాకు ఏ కార్డూ లేదు. ఒక యజమాని దగ్గర ఎన్నేళ్లు చేసినా ఇంకొక యజమాని దగ్గరికి వెళితే నా మాటే నాకు సాక్ష్యం. సమాఖ్య పెడితే ముందు మాకు శిక్షణ, దానికి పరీక్ష, దానికి కార్డు ఇప్పించండి. ఆ కార్డు చూసి జీతం ఇచ్చేలా ఉండాలి.

విశ్రాంత ఈఈ

డ్రిల్లు మాస్టరు గారి మాటను ఆఖరున పెట్టవద్దని మనవి. ఆడిట్‌లో ఎన్ని ఫైళ్లు చూసినా, లీవరు పట్టుకున్న చేయి నేర్చినదా కాదా అన్నదే పైలు నాణ్యతను తేలుస్తుంది. చిన్న సంస్థలు బయటికి పోతాయన్న బిల్డరు గారి ఆందోళనకు కూడా ఇక్కడే దారి ఉంది. సంస్థ పరిమాణాన్ని కొలత చేయకుండా, ఆ సంస్థలో శిక్షణ పొందిన ఆపరేటరు, సూపర్‌వైజరు ఉన్నారా, పైలు రికార్డులు సరిగా రాస్తున్నారా అన్నది కొలతగా పెడితే ట్రైపాడు పెట్టుకున్న చిన్నవాడూ సభ్యుడు కాగలడు. చిజెలుతో సాకెట్టు (పైలు కూర్చునే రాతి గుంత) కొట్టేవాడు ఎన్ని దెబ్బలకు ఎంత దిగిందో నిజాయితీగా రాస్తే, ఆ కాగితం పెద్ద రిగ్గు కంప్యూటరు తెర ఇచ్చేదానికి ఏమీ తీసిపోదు.

టెండర్లలో సమాఖ్య సభ్యత్వాన్ని తప్పనిసరి చేయడం మాత్రం నేను ఒప్పుకోను. అది ప్రభుత్వం చేతిలోని అధికారాన్ని ఒక ప్రైవేటు సంఘానికి ఇవ్వడమే. సభ్యత్వం నమ్మకం తేవాలి కానీ గేటుగా మారకూడదు.

పునాది డిజైనరు

ఈఈ గారూ, గేటు కాకూడదన్న దాంతో ఏకీభవిస్తాను, కానీ పూర్తిగా కాదు. ఏ లాభమూ లేకపోతే ఆడిట్ ఖర్చు ఎవరు భరిస్తారు? ప్రైవేటు పనుల్లోనైనా, నాలాంటి డిజైనర్లు తమ స్పెసిఫికేషన్‌లో, ఆడిట్ అయిన సంస్థ లేదా దానికి సమానమైన ఆధారాలు చూపగల సంస్థ అని రాయవచ్చు. ఆ రెండవ సగం ఉండటం వల్ల బయటివాడికి దారి మూసుకుపోదు. నేను నా పనుల్లో అలా రాయడానికి సిద్ధంగా ఉన్నాను.

విశ్రాంత ఈఈ

ఆ రెండవ సగం నిజంగా అమలైతే నాకు అభ్యంతరం లేదు. కాగితం మీద ఉండి, సమానమైన ఆధారాలు తెచ్చినవాడిని తిప్పి పంపితే అది గేటే.

తడ సైటు

ఆలస్యంగా చేరినందుకు మన్నించండి. మేము తడ, శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీ పునాదులు చేస్తుంటాము. నమూనా అగ్రిమెంటు తయారుచేస్తే గుండురాయి ఒక్కటే రాస్తే చాలదు. మా వైపు నేల నీటిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు నీటితో కలిపితే బెంటొనైటు సరిగా ఉబ్బదు, గుంత గోడను పట్టుకోదు. మంచినీరు ట్యాంకర్లతో తేవాలి, ఆ ఖర్చు ఎవరిదన్న దాని మీద ప్రతి సైటులోనూ వాదన జరుగుతోంది. భూమి పరీక్షలోనే నీటి పరీక్ష కూడా చేయించి, ఫలితాన్ని రేటు అడిగే ముందే మాకు ఇవ్వాలన్న షరతు అందులో ఉండాలని కోరుతున్నాను.

రేణిగుంట రిగ్గు

తడ సైటు గారూ, నీటి పరీక్ష షరతును తప్పకుండా చేరుస్తాము. కోర్టు వీధి గారు ఒప్పుకుంటే మొదటి ముసాయిదాలో నాలుగు విషయాలే పెడదాము: రిపోర్టులో లేని గుండుకు పట్టే సమయం లెక్కించే పద్ధతి, వర్కింగు ప్లాట్‌ఫారం సర్టిఫికెటు, నీటి పరీక్ష, ఆపిపెట్టిన డిపాజిట్టు తిరిగి ఇచ్చే గడువు. చిత్తూరు బిల్డరు గారు మెయిన్ కాంట్రాక్టరు వైపు నుంచి దాన్ని చదివి, ఏది ఒప్పుకోలేరో గుర్తు పెట్టి ఇస్తే మాకు మేలు. పాత అగ్రిమెంట్లు ఉన్నవాళ్లు సంస్థల పేర్లు, రేట్లు కొట్టివేసి ఇక్కడే పెట్టండి. బోరు రిపోర్టులో ఉన్నదీ, పైలు తవ్వినప్పుడు నిజంగా తగిలినదీ పక్కపక్కన రాసిన పట్టికలు ఉంటే వాటిని ఏర్పేడు ఎంటెక్ గారికి పంపండి.